కాలవ మొదలు చూసొచ్చాం

ఈ వేసవి సెలవుల్లో పిల్లల్ని ధవళేశ్వరం కాటన్ మ్యూజియానికి తీసుకెళ్దాం అన్నది మా మావయ్యగారు. ఎప్పుడూ మేం వెళ్దాం అంటే "మీరెళ్ళి రండి, నేను ఇంటి దగ్గరుంటా" అనే మనిషి.

కారణం మా అందరికీ తెలుసు. మాది అల్లవరం శివారు. కాలవ నీళ్ళు అందరి చేలూ తడిపి చివరికి మా దగ్గరకొస్తాయి. మాకున్నది రెండెకరాలు. పక్క చేలు రెండూ రొయ్యల చెరువులైపోయాయి. మాది కూడా చెరువుకి లీజుకివ్వమని అడుగుతున్నారు. వరి మీద మేం ఎప్పుడూ కళ్ళచూడనంత సొమ్ము ఇస్తామంటున్నారు. మా ఆయన ఇచ్చేద్దాం అంటారు. మావయ్యగారు ఔననరు, కాదనరు.

పులిహోర, పెరుగన్నం కట్టుకుని పొద్దున్నే బయల్దేరాం. రావులపాలెం దాటాక హైవే ఎక్కకుండా లొల్ల లాకుల మీదుగా పోనివ్వమన్నారు మావయ్యగారు. మా చేలో చీలమండ లోతు పారే బోదె నీళ్ళు అక్కడ ఏరులా ఉన్నాయి. "ఇది మన కాలవేనా తాతయ్యా?" అని మా చిన్నది నమ్మలేదు. ఆత్రేయపురంలో పూతరేకులు కొనుక్కుని, బొబ్బర్లంక దగ్గర బ్యారేజీ ఎక్కాం. అవతలి ఒడ్డే ధవళేశ్వరం.

మ్యూజియం ఆవరణలో పాతకాలం యంత్రాలు పెట్టారు. మా వాడు వాటి చుట్టూ తిరుగుతూ లోపలికి రానన్నాడు. లోపల ఫొటోలు, నమూనాలు. పిల్లలకి కాటన్ అంటే ఊరూరా గుర్రం మీద కూర్చున్న విగ్రహమే. ఆయన చేసిన పనేమిటో అక్కడ నిదానంగా చెప్పుకున్నాం.

1833లో కరువు, 1839లో కోరంగి ఉప్పెన. గోదావరి పక్కనే పారుతున్నా ఈ జిల్లా జనం తిండిలేక చచ్చిపోయిన రోజులవి. 1847లో పని మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశారు. నదిలో పునాదికి రాతినేల లేదు, అంతా ఇసుకే. ఇసుక మీద కట్టడం ఎలాగో కావేరి మీద చోళులు కట్టిన కల్లణై చూసి కాటన్ నేర్చుకున్నారట. ధవళేశ్వరం కొండ రాయి మోయడానికి పట్టాలు కూడా వేశారు. బొంబాయి నుంచి ఠాణాకి 1853లో నడిచిన రైలు కంటే ముందు మాట ఇది! పదివేల మంది దాకా కూలీలు పనిచేశారు. వాళ్ళని కూడగట్టినాయన వీణం వీరన్న గారు. మధ్యలో కాటన్‌కి జబ్బు చేసి సెలవు మీద వెళ్తే, ఓర్ అనే ఇంజనీరు పని నడిపించారు. ఇప్పుడు మనం చూసే 175 గేట్ల బ్యారేజీ 1982లో పూర్తయింది.

మావయ్యగారు ఆనకట్ట నమూనా దగ్గర చాలాసేపు నిలబడ్డారు.

"నీళ్ళు ఎలా తేవాలో ఎంత బాగా ఆలోచించారో చూడమ్మాయ్. మన బాధేమో ఆ నీళ్ళు పోయే దారి లేక."

నిజమే. వానాకాలం మా మురుగు కాలవ గుర్రపుడెక్కతో నిండిపోయి, ఊడ్చిన చేను వారం రోజులు మునిగే ఉంటుంది. 2011లో కోనసీమ రైతులు సార్వాకి పంట విరామం ప్రకటించినప్పుడు మా చేను కూడా బీడుపెట్టాం. ఆ ఏడు ఎప్పుడూ లేనిది బియ్యం కొనుక్కున్నామని అత్తయ్యగారు ఇప్పటికీ తలుచుకుంటారు.

చెట్టుకింద అన్నాలు తింటుంటే మా ఆయన మళ్ళీ లీజు లెక్క ఎత్తారు. ఈసారి నేనూ నోరు విప్పాను.

"ఆ లెక్కలో నీళ్ళ టిన్నులు కూడా వెయ్యండి. పక్కన చెరువులు తవ్వాక మన నుయ్యి ఉప్పబారింది. పప్పు ఉడకట్లేదు. మంచినీళ్ళు కొనుక్కుంటున్నాం. మనమూ చెరువు తవ్విస్తే మన తర్వాతి చేను వాళ్ళ సంగతేమిటి?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. "వరి వేసి నష్టపోతే ఎవరిస్తారు?" అన్నారు చివరికి. అదీ అబద్ధం కాదు. పిల్లల ఫీజులు కట్టేది ఆయనే.

అప్పుడు మావయ్యగారు అన్నారు: "ఒరేయ్ అబ్బాయ్, చెరువు తవ్వడం ఎంతసేపు? మళ్ళీ చేను చెయ్యాలంటే నా తరం కాదు, నీ తరమూ కాదు. ఈ ఒక్క సార్వా చూద్దాం."

ఊరికొచ్చాక మా బోదె కింది రైతులందరినీ ఇంటికి పిలిచారు. తలా కొంత వేసుకుని తొలకరికి ముందే మురుగు కాలవలో గుర్రపుడెక్క తీయించాలని అనుకున్నారు. పదకొండు మందిలో ఏడుగురు సరేనన్నారు. లీజుకి అడిగినాయనకి మా ఆయన "వచ్చే ఏడు చూద్దాం లెండి" అని ఫోన్లో చెప్పారు. ఇంకా పూర్తిగా మనసు మారలేదని ఆ గొంతులోనే తెలుస్తోంది.

నారుమడికి విత్తనాలు మాత్రం తెచ్చారు. బస్తా వసారాలో ఉంది.