పులస వెల

పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత యానాములో నెరుగనివారు లేరు. చెప్పినవాడు పురుషుడే యైయుండవలె. పుస్తెలు తనవి కావు గదా! హాస్యమటుండనిండు. ఆషాఢ శ్రావణములలో గౌతమికి ఎర్రనీరు దిగినంతనే మా బజారున వినవచ్చు ధరలకు, పింఛనుపై బ్రదుకు మావంటివారు ఈ చేప ఆ వెలకు తగునా యని యాలోచింపక తప్పదు.

సముద్రమున నున్నంతకాలము ఇది ఇలస. గ్రుడ్లు పెట్టుటకై వరద కెదురీదుచు గోదావరిలో ప్రవేశించిన పిమ్మటనే పులస. వంగదేశీయులు ఇలిష్ అనియు, ఒరియావారు ఇలిశి అనియు పిలుచునది ఈ జాతియే. ఎదురీతకు వలయు శక్తిని అది కొవ్వు రూపమున దాచుకొని వచ్చును. రుచి యంతయు ఆ కొవ్వులోనే యున్నది. 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట మొదలుకొని దాని దారికి అడ్డు గలదు. కావున ఆనకట్టకును సముద్రమునకును నడుమ వలలో పడినదే మన ప్రాప్తము.

మా మేనల్లుడొకడు జపానులో నున్నాడు. అచ్చటి కోబె గోమాంసమును గూర్చి వాడు చెప్పిన సంగతి వింతగా నున్నది. తజిమా జాతి పశువుల మాంసమున కొవ్వు చలువరాతిలోని చారలవలె అల్లుకొనియుండును. ఆ చారలకు 1 మొదలు 12 వరకు అంకెలు వేయుదురు. 6కు తగ్గినచో కోబె యను పేరే ఈయరు. తినుట తినకపోవుట వారివారి ఆచారము. ఆ కట్టుదిట్టము మాత్రము మాకు నచ్చినది. సొమ్ము పెట్టినవానికి తాను కొన్నదేమో తెలియును. మన పులసకు అట్టి ముద్ర ఏదీ? ఒడిశానుండి మంచుపెట్టెలో వచ్చిన ఇలస సయితము గోదావరి బల్లమీద పడుకొని పులస యగుచున్నది! తేడా పట్టగలది చేపలమ్ము ఆడువారి కన్ను ఒక్కటే.

ఇటీవలి యేండ్లలో ఒక్క చేప వేలములో ఇరువది వేల రూపాయలు దాటిన సందర్భములున్నవి. అది నాలుకకు పెట్టిన వెల కాదని మా యభిప్రాయము. అట్టి చేప కొన్నవాని యింట ఉడుకుటయు అరుదే; వియ్యాలవారికో, పనిబడిన పెద్దమనుష్యులకో కానుకగా పోవును.

బరంపురములో కాపురమున్న మా అక్కగారు ఒక యేడు వచ్చినప్పుడు, "ఒరే తమ్ముడూ, మా బజారులో ఇదే చేప ఎంతో చవకరా. పేరుకు డబ్బు పోస్తున్నావు" అని మందలించినది. మేము మారు పలుకలేదు. మట్టిదాకలో చింతపండు పులుసు పోసి, బెండకాయలు వేసి, సన్నని కట్టెల సెగపై మా యింటివారు వండిన కూరను మరునాడు వడ్డించిరి. ముండ్లు ఏరుకొనుచు అక్కగారు రెండవ మారు అన్నము పెట్టించుకొన్నది. సముద్రపు వాసన విరిగిన ఆ రుచి చవకచేపలో లేదని మేమనుట పక్షపాతమైన కావచ్చును. ఆమెది కాదు గదా.

బేరమాడబోయిన మాతో చేపలమ్మి యన్నమాట వేరు. "గుమాస్తా బాబుగారూ, మా వాడు నాలుగు రాత్రులు ఉత్త వలతో వచ్చాడు. అయిదో రాత్రి ఇది పడింది. ఆ నాలుగు రాత్రుల డీజిలు ఎవరిస్తారు?" అటుపిమ్మట మేము ఆమెతో బేరమాడుట మానితిమి.

చేప తగ్గుచున్నది. తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు సముద్రపు వేట నిషిద్ధము. పులస ఏరెక్కునది ఆ గడువు తీరిన పిమ్మటనే! దానికి మొగలోనే సన్నకన్నుల వలలు ఎదురగును. వెల పెరిగినకొలది వలలును పెరుగును. ఈ లెక్క మాకు గుమాస్తాగిరిలో నేర్పినది కాదు గాని, కష్టమైనదియు కాదు.

అందుచే మేము వేలమునకు పోము. నాలుగిండ్లవారము సొమ్ము కూర్చి, ఏడాదికొక్క చేప, అదియు ఎదిగినదానిని, ఎరిగిన చేతినుండి కొందుము. ఆ వెలకు ఆ పావుభాగము తగునని మా నిర్ణయము. తల ఒక్కొక యేడు ఒక్కొక ఇంటికి పోవును. ఈ యేడు మా వంతు.