బస్తర్ బాటలపై సైకిలు

శీతాకాలంలో ఉదయం ఆరు గంటల వేళ జగదల్‌పూర్ పట్టణంలోని దల్పత్ సాగర్ మీద మంచు ఇంకా విడిపోదు. చెరువు నడుమ దీవిలోని చిన్న గుడి కనిపించీ కనిపించనట్లుంటుంది. గట్టు పక్క రోడ్డుపై మొదట వినవచ్చేది సైకిలు గంట. క్యారియరు మీద కట్టెల మోపు, హ్యాండిలుకు వేలాడే సొరకాయ బుర్ర, అందులో గంజి. సంతకు వెళ్లే గ్రామీణుడు తొందరపడడు. ముప్పై కిలోమీటర్లు తొక్కడం అతనికి వింత కాదు.

ఇటీవల దూర నగరాల నుండి గేర్ల సైకిళ్లతో ఇక్కడికి వస్తున్న యాత్రికులు తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇదే. బస్తర్‌లో సైకిలు వినోద సాధనం కాకముందే జీవన సాధనం. పైగా ఆ వేగంతో వెళ్లిన వానికే ఈ సీమ తన కథ చెబుతుంది.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు దక్షిణ భాగాన, సముద్ర మట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున పరుచుకున్న పీఠభూమి ఇది. విశాఖపట్నం వైపు నుండి వచ్చేవారు అరకు కొండల మీదుగా సాగే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో జగదల్‌పూర్ చేరవచ్చు. బైలడిలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960 దశకంలో వేసిన మార్గమది. కొండలు, అడవులు, వాగులు ఎంత సహజమో, చెరువులు కూడా ఈ నేలకు అంత సహజం. 18వ శతాబ్దంలో బస్తర్ గ్రామం నుండి రాజధానిని జగదల్‌పూర్‌కు మార్చిన రాజు దల్పత్ దేవ్ పేరు ఈ పెద్ద చెరువుకు నిలిచింది. గుర్రపుడెక్క దీనిని పలుమార్లు కమ్మివేసింది; పట్టణ ప్రజలు నీటిలోకి దిగి దానిని తొలగించారు. చెరువు తవ్వించడం ఒక రాజు పని, నిలుపుకోవడం ప్రతి తరం పని అని ఆ గట్టు గుర్తుచేస్తుంది.

పడమటి దిక్కున చిత్రకోట్ జలపాతానికి 38 కిలోమీటర్ల దారి. కొత్త యాత్రికునికి ఇదే తగిన ఆరంభం. నేల దాదాపు సమతలం. ఇరువైపులా వరి పొలాలు, వాటి గట్ల మీద ఇప్ప, చింత చెట్లు. అక్కడక్కడ రంగులతో బొమ్మలు గీసిన స్మారక శిలలు నిలిచి ఉంటాయి. మరణించినవారు ఇష్టపడిన పక్షులు, జంతువులు, ఒక్కొక్కచోట సైకిలు సైతం ఆ బొమ్మలలో కానవస్తాయి. మోటారులో పోయేవాని కంటికి అవి రంగుల రాళ్లు మాత్రమే. సైకిలు దిగి నిలిచినవానికి ఒక మనిషి జీవితచరిత్ర.

జలపాతానికి చేరువనే లోహండీగూడ ప్రాంతం. అక్కడ ఉక్కు కర్మాగారానికై సేకరించిన పొలాలు, ఆ కర్మాగారం రాకపోవడంతో 2019లో తిరిగి రైతుల పరమయ్యాయి. దేశంలో అరుదుగా జరిగిన సంఘటన అది. ఆ దారిన కనిపించే పైరును చూసేటప్పుడు ఈ సంగతి మనసులో ఉండటం మంచిది.

చిత్రకోట్ వద్ద ఇంద్రావతి నది దాదాపు 29 మీటర్ల లోతుకు దూకుతుంది. వానాకాలంలో దాని వెడల్పు సుమారు 300 మీటర్లు; నీరు మట్టిరంగు తిరిగి, గుర్రపు డెక్క ఆకారంలో ఉన్న బండ అంచంతా నిండిపోతుంది. చలికాలానికి అది విడివిడి ధారలుగా సన్నబడుతుంది. ఆ నీరే కొండలు, అడవులు దాటి తెలంగాణ సరిహద్దున గోదావరిలో కలిసి, భద్రాచలం రేవును తాకుతూ సాగుతుంది. రాముని గుడి మెట్ల వద్ద స్నానం చేసే తెలుగువారికి తెలియకుండానే బస్తర్‌తో బంధుత్వముంది.

కొంచెం కాలిసత్తువ ఉన్నవారికి నైరుతి దిక్కున కాంగేర్ లోయ. 1982లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన ఈ 200 చదరపు కిలోమీటర్ల అడవిలో దారి ఎక్కుతూ దిగుతూ సాల వృక్షాల నీడలో సాగుతుంది. మెట్లు మెట్లుగా జారే తీరథ్‌గఢ్ జలపాతం, సున్నపురాతి గుహ కుటుంసర్ ఇక్కడివే. మనిషి మాటను అనుకరించగల కొండ గోరువంక, ఈ రాష్ట్రపు పక్షి, ఈ అడవిలో నివసిస్తుంది. ఇంజను చప్పుడు లేనివానికే దాని కూత వినే అదృష్టం.

అన్నిటికన్న నిదానంగా చూడవలసినది బార్సూర్. జగదల్‌పూర్ నుండి గీదం వరకు సుమారు 75 కిలోమీటర్లు. అక్కడ ప్రధాన మార్గాన్ని విడిచి ఉత్తరానికి తిరిగితే మరి ఇరవై పైచిలుకు. రెండు రోజుల ప్రయాణంగా పెట్టుకోవడం మేలు. చెరువులు, శిథిలాలయాల ఊరు ఇది. ఒకే రాతిలో మలచిన జంట వినాయకులు, ముప్పైరెండు స్తంభాల బత్తీసా ఆలయం చూడదగినవి. తెలుగు యాత్రికుని ఆశ్చర్యపరిచేది మరొకటి ఉంది. ఇక్కడ లభించిన శక సంవత్సరం 983, అనగా క్రీ.శ. 1060-61 నాటి శాసనం తెలుగులో ఉంది. నాగవంశపు రాజు జగదేకభూషణ ధారావర్షుని సామంతుడు, తెలుగు చోడుడు చంద్రాదిత్యుడు, ఈ ఊర శివాలయం కట్టించి, చంద్రాదిత్య సముద్రమనే చెరువు తవ్వించాడని అది తెలుపుతుంది. దాదాపు వెయ్యేళ్ల కిందట ఈ అడవి ఊరి చెరువు పేరును తెలుగులో చెక్కారన్నమాట.

ఆ తరువాత రెండున్నర శతాబ్దాలకు మరొక తెలుగు రాజు కథ ఇక్కడికి నడిచి వచ్చింది. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఈ సీమకు వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ సంప్రదాయం. దంతేశ్వరీ దేవి అతనితో, “ముందు నడువు, నేను వెనుక వస్తాను. నీవు నడిచినంత మేర నీ రాజ్యం. వెనుతిరిగి చూస్తే ఆగిపోతాను” అన్నదట. అందె మువ్వల సవ్వడి వింటూ అతడు నడిచాడు. శంఖిని, డంకిని నదుల సంగమం వద్ద అమ్మవారి పాదాలు ఇసుకలో దిగబడి సవ్వడి ఆగింది. అతడు భయపడి వెనుతిరిగాడు. దేవి ఆగినచోట దంతేవాడ ఆలయం వెలసింది.

సవ్వడి ఆగితే భయం పుట్టడం బస్తర్‌లో కథ మాత్రమే కాదు. దశాబ్దాల పాటు ఇక్కడి బాటలు సాయుధ పోరాటానికి రంగస్థలమయ్యాయి. చెట్లు నరికి అడ్డం వేసిన రోడ్లు, మట్టి కింద మందుపాతరలు, సాయంత్రానికే మూతపడే గుమ్మాలు. 2005లో సల్వా జుడుం ఆరంభమయ్యాక వేలాది కుటుంబాలు ఊళ్లు విడిచి, ఖమ్మం, భద్రాచలం అడవుల వైపు తరలివచ్చాయి. గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి పోరుకు పంపడం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కాలంలో రోడ్డు నిశ్శబ్దంగా ఉంటే, అది అడవి ప్రశాంతతో, మనుషుల భయమో బాటసారికి అంతుపట్టేది కాదు.

ఆ నిశ్శబ్దాన్ని ఛేదించే ప్రయత్నంలో సైకిలుకూ పాత్ర ఉంది. 2018 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు చేరువ చట్టి గ్రామం నుండి జగదల్‌పూర్ వరకు శాంతికోసం పాదయాత్ర జరిగింది. 2019 ఫిబ్రవరిలో అదే ఆశయంతో సైకిలు యాత్ర జగదల్‌పూర్‌లో బయలుదేరి, కేశ్‌కాల్ కనుమ దాటి, సుమారు 300 కిలోమీటర్ల దూరాన ఉన్న రాయపూర్ చేరింది. ఒక యాత్రతో యుద్ధాలు ఆగవు. అయినా జనం జంకే బాట మీద ఆయుధం లేకుండా నిదానంగా సాగడమే ఒక మాట చెప్పడం.

ఈనాడు అనేక రోడ్లు తారు పరచుకుని తెరచుకున్నాయి. అయినా బార్సూర్ దాటి ఇంద్రావతి ఆవలి అబూజ్‌మాడ్ కొండల వైపు, ఊరివారిని, అధికారులను అడగకుండా సైకిలు తిప్పడం వివేకం కాదు. అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు ప్రయాణానికి అనువైన కాలం. అదనపు ట్యూబు, గాలి పంపు వెంట ఉండాలి. దుకాణాలు దూరం దూరం. పొద్దుగుంకక ముందే బస చేరాలి. సంత రోజు తెలుసుకుని బయలుదేరితే ఇప్పపువ్వు, చింతపండు, ఆకు దొన్నెలు, కోడిపందేలు ఒక్కచోటనే చూడవచ్చు. మనుషులను అడగకుండా ఫొటో తీయరాదన్నది ఎక్కడైనా మర్యాదే, ఇక్కడ మరింత.

ఈ బాటల మీద సాయంకాలం నాలుగున్నరకు మరొక దృశ్యం ఉంది. బడి విడిచిన బాలికలు ఇద్దరు ముగ్గురుగా సైకిళ్లపై ఇళ్లకు మళ్లుతారు. తొమ్మిదవ తరగతి చేరే పేద, గిరిజన బాలికలకు ప్రభుత్వం సరస్వతి సైకిలు పథకం కింద ఉచితంగా ఇచ్చేవి. హైస్కూలు దూరమని చదువు మానుకునే ఊళ్లలో ఆ రెండు చక్రాల విలువ ఎంతో చెప్పనక్కరలేదు. బూటులు, శిరస్త్రాణం ధరించిన యాత్రికుని చూసి వారు నవ్వుతారు. గంట మోగించి, నవ్వుతూనే అతనిని దాటిపోతారు. వారి గంటల సవ్వడి వంపు తిరిగిన తరువాత కూడా చాలాసేపు వినిపిస్తుంది. ఆ సవ్వడి ఆగకుండా ఉండటమే బస్తర్ బాటలు కోరుకునేది.