మే నెల ఎండ... కల్లూరు రేడియేటరు!

కర్నూలులో హంద్రీ దాటితే కల్లూరు. ఒకప్పుడు పక్క ఊరు. ఇప్పుడు నగరంలోనే కలిసిపోయింది. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే హైవే (డ్రైవర్ల నోట ఇంకా 'సెవెన్' అనే వస్తుంది, 2010లోనే దాని నంబరు 44గా మారినా) ఇటుగానే పోతుంది. బేతంచెర్ల నాపరాళ్లు, సిమెంటు, ఉల్లిగడ్డలు... ఏ లోడైనా సరే, మే నెలలో ఈ దారిన వచ్చే లారీ డ్రైవరు చూపు రోడ్డు మీద సగం, హీటు ముల్లు మీద సగం!

ఎందుకంటారా? లెక్క చాలా సులువు. ఇంజిన్లో తిరిగే నీరు సుమారు 90 డిగ్రీల వేడిలో ఉంటుంది. డిసెంబరు రాత్రి బయటి గాలి 20 డిగ్రీలైతే తేడా 70. మే మధ్యాహ్నం 42 అయితే తేడా 48 మాత్రమే. అంటే, అదే రేడియేటరు దాదాపు మూడో వంతు వేడిని తక్కువగా వదులుతుందన్నమాట. ఆ పైన ఆత్మకూరు దాటాక నల్లమల ఘాట్. చిన్న గేర్లో ఇంజిను రొప్పుతుంటుంది, ఎదురుగాలి ఉండదు. భారమంతా ఫ్యాను మీదే.

ఎండ ఒక్కటే శత్రువు కాదు. మన సీమ బోరు నీళ్లు మరిగించిన గిన్నె అడుగున తెల్లగా పేరుకునే గార ఇళ్లల్లో అందరికీ తెలిసిందే. అదే గార రేడియేటరు సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది. అందుకే అనుభవమున్న మెకానిక్కు మొదట అడిగే ప్రశ్న ఇదే: "ఏమప్పా, నీళ్లు పోస్తాండావా, కూలెంటు పోస్తాండావా?"

ఇక అసలు తంటా... ఏది కొనాలి? పాత లారీలకు రాగి-ఇత్తడిది ఉండేది. కారితే టంకం పెట్టొచ్చు. గొట్టాలు మూసుకుపోతే పై ట్యాంకు, కింది ట్యాంకు ఉంచుకుని మధ్యలోని కోరు ఒక్కటే మార్చొచ్చు. పాత రాగికి తూకం డబ్బులూ వస్తాయి. కొత్త బండ్లలో అల్యూమినియం కోరు, ప్లాస్టిక్ ట్యాంకులు. తేలిక, చల్లబరచడంలోనూ తీసిపోదు. కానీ పగిలితే మామూలు టంకం అంటదు. చాలాసార్లు మొత్తం మార్చాల్సిందే. పాత బండికి మంచి రాగి కోరు వేయించుకోవడమే మేలని నాకనిపిస్తుంది. 2020 తర్వాతి బీఎస్-6 బండికి మాత్రం ఆ మోడల్‌కు కంపెనీ చెప్పిన కొలతే వేయాలి. 'ఇదీ పడుతుందిలే అన్నా' అంటే తల ఊపకండి. బోల్టులు కలిసినంత మాత్రాన వేడి లెక్క కలవదు! రెక్కలు మరీ ఒత్తుగా ఉన్నదీ వద్దు. సిమెంటు దుమ్ము, ఊక ఇరుక్కుంటే గాలి ఆడదు. ఇప్పుడు కొత్తగా తయారయ్యే లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి. ఆ ఏసీ వదిలే వేడి కూడా ఇంజిను ముందు భాగానికే చేరుతుంది.

బిగించడంలోనూ తొందర పనికిరాదు. ఇంజిను పూర్తిగా చల్లారాకే మూత తీయాలి. ఒక బార్ ఒత్తిడి మూత కింద నీరు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది, తీసిన మరుక్షణం ముఖానికే చిమ్ముతుంది. మెత్తబడిన గొట్టాలు, క్లాంపులు, అడుగున ఉండే రబ్బర్లు, మూత... వీటికయ్యే ఖర్చు ఎంతని? అవి పాతవే ఉంచి కొత్త రేడియేటరు పెట్టడం, చిరిగిన గోతంలో కొత్త వడ్లు పోసినట్టే. ఇంజిన్లోని పాత తుప్పునీ కడగాలి. లేదంటే అది కొత్త గొట్టాల్లోకే చేరుతుంది.

శుద్ధి చేసిన నీళ్లలో కంపెనీ చెప్పిన పాళ్లలో కూలెంటు కలిపి నిదానంగా పోయాలి. గబగబా పోస్తే లోపల గాలి చిక్కుకుంటుంది. ముల్లు చల్లగా చూపిస్తున్నా హెడ్డు కాలిపోతుంటుంది. హెడ్డు వంగిందంటే వేలల్లో తేలే పని లక్షల్లోకి పోతుంది. నెలనెలా ఫైనాన్సు కిస్తీ కట్టే సొంత బండి డ్రైవరుకు ఇంట్లో పొయ్యి వెలగడం దీని మీదే ఆధారం.

ఆఖరున ట్రయలు. ఖాళీ బండితో కాదు, లోడుతోనే. నంద్యాల రోడ్డులో ఓర్వకల్లు రాళ్ల దాకా పోయి రావాలి. మధ్యాహ్నం రెండింటికైతే మరీ మంచిది. తిరిగొచ్చాక బండి చల్లారనిచ్చి నీటి మట్టం చూసి, క్లాంపులు ఇంకోసారి బిగించి, కింద నేల తడిసిందేమో వంగి చూసుకోవాలి.