తెల్లారగట్ల లేవని బండి

మా ఊరికి బండి వచ్చి ఆరేళ్లయింది. కొత్తది కాదు, మైదానంలో ఎవరో బాగా వాడి వదిలించుకున్న పాత డీజిల్ పికప్. కాఫీ, మిరియాలు అమ్మిన డబ్బులో ఇంటికింత అని వేసుకుని పదకొండు ఇళ్లవాళ్లం కలిసి కొన్నాం. సంతకీ ఆస్పత్రికీ అదే, హాస్టల్లో పిల్లల్ని దింపడానికీ అదే. ఎండాకాలంలో తాళం తిప్పితే చాలు, లేచేది. వలిసె పూలు రాలి చలి ముదిరాక మొదలయ్యేది దాని మొండితనం.

మన్యం చలి గురించి మనవాళ్లకు చెప్పేదేముంది. ఇప్పుడు లంబసింగి పేరు పట్నం వాళ్లకూ తెలుసు. తెల్లవారకముందే వచ్చి, మంచులో ఫొటోలు దిగి, ఎండ రాగానే వెళ్లిపోతారు. ఆ మంచులోనే మనకు కాఫీ పళ్లు కోసే పని. రాత్రి ఒంటిగంటకు నొప్పులొచ్చేదీ ఆ మంచులోనే.

రెండేళ్ల కిందట పుష్యమాసంలో మా వదిన ఒకామెకు అలాగే వచ్చాయి. బండి దగ్గరికి పరుగెత్తాం. తాళం తిప్పితే ఇంజను తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. తిప్పిందే తిప్పాం. చివరికి బ్యాటరీ కూడా పడుకుంది. మాలో ఒకడు గడ్డి మండించి ఇంజను కింద పెట్టబోతే పెద్దయ్య కర్ర పట్టుకుని తరిమాడు. ఇక డోలీ కట్టాం. తారు రోడ్డు దాకా ఐదు కిలోమీటర్లు. అక్కడికి 108 వచ్చింది. తల్లీ పిల్లా బాగున్నారు. కానీ మరునాడు వదిన తల్లి మమ్మల్ని అడిగిన మాట ఒక్కటే: "మరి బండి ఎందుకు కొన్నార్రా?"

కిందికి తీసుకెళ్లి మెకానిక్‌కి చూపించాం. బ్యాటరీ పోయిందన్నాడు. కొత్తది వేయించాం. నాలుగు రోజులకే మళ్లీ అదే కథ. ఇంకొకాయన ఇంజను విప్పాలన్నాడు. ఆయన చెప్పిన ఖర్చు విని బండిని పాత ఇనుముకి అమ్మేద్దామని కూడా అనుకున్నాం.

సంక్రాంతికి మా ఊరల్లుడైన మామ వచ్చాడు. చాలా ఏళ్లు లారీ నడిపినవాడు. తెల్లారగట్ల మమ్మల్ని లేపి, "ఒకడు తాళం తిప్పండి, మిగతావాళ్లు వెనక్కెళ్లి పొగ గొట్టం చూడండి" అన్నాడు. అన్నాళ్లూ మేం ముందుకే చూశాం గానీ వెనక్కి ఎవ్వరం చూడలేదు. తెల్లటి పొగ, అందులో పచ్చి డీజిల్ వాసన. "నూనె వస్తోంది, కాలడం లేదు" అన్నాడు మామ. ఇంజను ఈడ్చుకుంటూ తిరిగితే బ్యాటరీనో, దాని తీగలనో, స్టార్టర్‌నో అనుమానించాలి. వడిగా తిరిగి తెల్లపొగ వస్తే ముందు హీటర్ ప్లగ్గులు చూడాలి. పొగే రాకపోతే డీజిల్ అందడం లేదని లెక్క.

హీటర్ ప్లగ్గు అంటే ఏమిటో మాకు తెలీదు. డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వ ఉండదు. సిలిండర్లో గాలిని ఇరవై రెట్లదాకా నొక్కేస్తే ఆ గాలే కాలిపోయేంత వేడెక్కుతుంది, అందులో చిమ్మిన డీజిల్ అంటుకుంటుంది. సైకిలు పంపు గబగబా కొడితే అడుగున చెయ్యి చురుక్కుమంటుంది చూడండి, అదే సంగతి. సంపీడనం అని పదో తరగతి అయ్యేలోపు ఎన్నిసార్లు రాశామో, మార్కులు కూడా వచ్చాయి! ఆ మాటా మా బండీ ఒకటేనని మాకెవరికీ తట్టలేదు. చలిలో సిలిండర్ ఇనుము మంచుముద్దలా ఉండి గాలి వేడిని లాగేసుకుంటుంది. అందుకే మాలాంటి పాత ఇంజన్లలో ఒక్కో సిలిండరుకు ఒక్కో ప్లగ్గు ఉండి, ముందుగా లోపల ఎర్రగా కాలుతుంది. ఎండాకాలంలో అది చచ్చినా బండి లేస్తుంది కాబట్టి, అది చచ్చిందని చలి వచ్చేదాకా తెలియదు.

మామ నాలుగు ప్లగ్గుల్నీ కలిపే పట్టీ విప్పేశాడు. విప్పకపోతే బాగున్న ప్లగ్గు చచ్చినదాన్ని దాచేస్తుంది. పన్నెండు వోల్టుల ఇండికేటర్ బల్బుకి రెండు తీగలు కట్టి, ఒకటి బ్యాటరీ ప్లస్‌కి, రెండోది వరసగా ఒక్కో ప్లగ్గు తలకీ తాకించాడు. బల్బు వెలిగితే ప్లగ్గు బతికున్నట్టే. ఒక్కదాని దగ్గరే వెలిగింది. మిగతా మూడూ చచ్చిపోయాయి. నాలుగు కొత్త ప్లగ్గులకు కలిపి, అనవసరంగా కొన్న ఆ బ్యాటరీ ధరలో సగం కూడా కాలేదు.

నెల తిరక్కుండా ఇంకోరోజు మళ్లీ మొరాయించింది. ఈసారి పొగే లేదు. మామకు ఫోను చేయకుండా మేమే చూశాం. రాత్రంతా బండి ఆగి ఉంటే డీజిల్ పైపులోంచి వెనక్కి ట్యాంకులోకి జారిపోతోంది. క్లిప్పు దగ్గర రబ్బరు పైపు చీలి గాలి పీలుస్తోంది. ఫిల్టరు మీద గాలి నట్టు వదులుచేసి, చేతిపంపు నొక్కుతూ బుడగలు పోయి వట్టి డీజిల్ వచ్చాక బిగించాం. లేచింది! ఆ సంతోషం ఇంతా అంతా కాదు. తర్వాత జానెడు పైపు మార్చాం.

అప్పటినుంచి కొన్ని అలవాట్లు పడ్డాయి. తాళం సగం తిప్పి ఇరవై అంకెలు లెక్కపెట్టి అప్పుడే స్టార్టర్ కొడతాం. పది సెకన్లకు లేవకపోతే ఆపి, అర నిమిషం ఊపిరి తీసుకోనిస్తాం. బ్యాటరీ టెర్మినళ్ల మీద పట్టే తెల్లటి పొట్టు తీగలు విప్పి వేడినీళ్లతో కడుగుతాం. బాడీకి బిగించిన ఎర్తు తీగనీ గీకి బిగిస్తాం, చాలామంది దాన్ని మరిచిపోతారు. ఇంజను ఆయిల్ కూడా 20డబ్ల్యూ-40 బదులు 15డబ్ల్యూ-40 పోస్తున్నాం. ముందున్న అంకె ఎంత తక్కువైతే చలిలో ఆయిల్ అంత పలచగా ఉంటుంది. బాగా చలి ఉన్న రాత్రి బ్యాటరీ విప్పి ఇంట్లో పెడతాం, పొయ్యికి దూరంగా. మేకలు బయట, బ్యాటరీ లోపలా అని ఆడవాళ్లు నవ్వుతారు.

గడ్డిమంట జోలికి మాత్రం ఎవరూ పోవద్దు. పైన డీజిల్ కారే పైపులుంటాయి, కింద మంట పెడితే బండితోపాటు మనిషీ కాలతాడు. సంతలో ఒకాయన గాలి గొట్టంలోకి కొట్టే స్ప్రే అమ్మబోయాడు. హీటర్ ప్లగ్గులున్న ఇంజనులో అది కొడితే ఎర్రగా కాలే ప్లగ్గు మీద పేలి ఇంజనే పగలవచ్చని మామ ముందే చెప్పాడు కాబట్టి తీసుకోలేదు.

ఆ బల్బూ తీగలూ ఇప్పుడు బడిలో ఉన్నాయి. కిందటి డిసెంబరులో మాస్టారు తొమ్మిదో తరగతి పిల్లల్ని బండి దగ్గరికి తీసుకొచ్చి పట్టీ విప్పించారు. ఒక అమ్మాయి మూడో ప్లగ్గు దగ్గర బల్బు మసగ్గా వెలుగుతోందని చెప్పింది. తుప్పు గీకి మళ్లీ తాకిస్తే బాగానే వెలిగింది.

అయినా రాత్రిపూట బండిని ఊరి చివర ఏటవాల్లోనే, ముక్కు కిందికి పెట్టి, చక్రాల కింద రాళ్లు వేసి నిలబెడుతున్నాం. డోలీ కర్ర కూడా పెద్దయ్య ఇంటి చూరులో అలాగే ఉంది.