మొహమాటం ప్రీమియం

2024 ఏప్రిల్లో నా బ్యాంకు ఖాతాలో 9 లక్షల 20 వేలు పడ్డాయి. ఇరవయ్యేళ్ళు కట్టిన ఎండోమెంట్ పాలసీ సొమ్ము. మా ఆవిడ సంబరపడి సేమ్యా పాయసం చేసింది. నేను మాత్రం ఒక పాత డైరీ, కాలిక్యులేటరు ముందేసుకుని కూర్చున్నాను. ఆ డైరీ కూడా పాలసీతో పాటు వచ్చిందే. మొన్నటిదాకా ఆ పాలసీ వల్ల నా చేతికి అందిన వస్తువు అదొక్కటే.

2004లో నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. పెళ్ళయి నాలుగు నెలలు. మార్చి జీతంలో పన్ను కింద సగం కోసేశారు. పొదుపు చేస్తే పన్ను తగ్గించే 80సీ ఇంకా రాలేదు, సెక్షన్ 88 రోజులవి. ఆ మంట చల్లారకముందే ఏప్రిల్ మొదటి వారంలో తెనాలి నుంచి మామయ్య దిగాడు. మా అమ్మకి అన్నయ్య. నా ఇంజనీరింగ్ ఫీజుకి 6 వేలు తక్కువైతే సర్ది, మళ్ళీ ఏనాడూ అడగని మనిషి. బీమా ఏజెంటు.

"ఒరే అల్లుడూ, ఏడాదికి పాతికవేలు. రోజుకి డెబ్బై రూపాయలు కూడా పడదు. అయిదు లక్షలకి పాలసీ. ఉంటే నీకు, పోతే అమ్మాయికి. కట్టేది అయిదు, వచ్చేది తొమ్మిది పైమాటే."

ఆయన అందులో ఒక్క ముక్క అబద్ధం చెప్పలేదు. చెప్పి ఉంటే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఏడాదికి ఎంత శాతం గిడుతుంది మామయ్యా అని నేనే అడగలేదు. అడిగితే ఆయన్ని అనుమానించినట్టుంటుందని మొహమాటం. కాఫీ చల్లారేలోపు సంతకం అయిపోయింది.

ఇరవయ్యేళ్ళు ఆలస్యంగా ఆ శాతం లెక్కేశాను. ఏటా ఏప్రిల్లో 25 వేలు కట్టి, చివర 9.20 లక్షలు తీసుకుంటే అయిదున్నర శాతం. అదే 25 వేలు ఏటా ఏప్రిల్ 5 లోపు పబ్లిక్ ప్రావిడెంట్ ఫండు, అదే పీపీఎఫ్‌లో వేసి, పదిహేనేళ్ళ తర్వాత ఇంకో అయిదేళ్ళు పొడిగించి ఉంటే? 2011 నవంబరు దాకా వడ్డీ 8 శాతం. 2012-13లో 8.8కి ఎక్కింది. తర్వాత జారి, 2020 ఏప్రిల్ నుంచి 7.1 దగ్గర ఆగింది. ఏ ఏటి రేటు ఆ ఏటికి వేసి కూడితే 12 లక్షల 16 వేలు తేలింది. నమ్మకం కుదరక మళ్ళీ కూడి చూశాను. అదే అంకె. ఇంకా మండించే సంగతేమిటంటే, పదిహేడో ఏడు ముగిసేసరికే అక్కడ 9 లక్షల 19 వేలు దాటేస్తాయి. చివరి మూడు ప్రీమియంలు కట్టక్కర్లేకుండానే!

ఇందులో బీమా ఖర్చు తీసెయ్యాలి కదా అంటారు. తీసేద్దాం. పోతే తప్ప పైసా రాని 5 లక్షల టర్మ్ పాలసీకి ఏడాదికి 2 వేలు అనుకుని, మిగిలిన 23 వేలే పీపీఎఫ్‌లో వేసినా 11 లక్షల 18 వేలు. తేడా 1 లక్షా 98 వేలు. ఆ పూట నా మొహమాటానికి పడిన ధర అది.

అక్కడితో ఆగలేదు, మామయ్య కమీషన్ కూడా లెక్కేశాను. అప్పటి బీమా చట్టం ప్రకారం ఏజెంటుకి గరిష్ఠంగా మొదటి ఏడు 35 శాతం, తర్వాతి రెండేళ్ళు ఏడున్నర, ఆపైన 5. అంటే 8,750, తర్వాత 3,750, మిగతా పదిహేడేళ్ళకి 21,250. వెరసి 33,750 రూపాయలు. మేనల్లుడికి డైరీ.

మరి ఇంకెక్కడ పెట్టాల్సింది అంటే, ప్రతి దానికీ ఒక మెలిక ఉంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మీద పన్ను పడుతుంది. బ్యాంకు మునిగితే 2020 ఫిబ్రవరి దాకా లక్షకే బీమా, ఇప్పుడు 5 లక్షలకి. బంగారం 2012లో పది గ్రాములు 31 వేల చిల్లర, 2018లోనూ దాదాపు అంతే. చీటీ భద్రత దాన్ని నడిపేవాడి మీద ఆధారపడుతుంది. సెన్సెక్స్ 2008 జనవరిలో 21 వేలు తాకి, మరుసటేడు మార్చికి 8,200 కిందికి పడింది. అయినా ఓపిక పట్టినవాళ్ళకి 2024 మార్చికి 73 వేలు దాటింది. సత్యం కంప్యూటర్స్ షేరు 2009 జనవరి 7న ఒక్కరోజులో 179 నుంచి 40కి జారింది. ఆ కంపెనీ పేరే ఇప్పుడు లేదు. మొత్తం మార్కెట్ కొన్నవాడికీ ఒక్క కంపెనీని నమ్ముకున్నవాడికీ తేడా అది.

మళ్ళీ నా పాలసీ దగ్గరికొస్తాను, ఎందుకంటే అసలు చిక్కు ఇక్కడుంది. 2007లో, మూడు ప్రీమియంలు కట్టాక, ఆపేద్దామనుకున్నాను. సరెండర్ చేస్తే మొదటి ఏటి ప్రీమియం లెక్కలోకే రాదు. మిగిలిన 50 వేలలో 30 శాతం ఇస్తారు. 75 వేలు కట్టినవాడికి 15 వేలు. మామయ్యకి ఫోన్ చేస్తే "ఆపకురా, నా మాట విను" అన్నాడు. కమీషన్ పోతుందని అంటున్నాడనుకున్నాను. అయినా అదే మొహమాటం, కట్టుకుంటూ పోయాను.

మొన్న ఆ లెక్కా వేశాను. 2007లో ఆపి, ఆ 15 వేలూ ఏటా 23 వేలూ పీపీఎఫ్‌లో వేసి, 2 వేలతో టర్మ్ తీసుకుని ఉంటే చివరికి 8 లక్షల 78 వేలు. పాలసీ ఇచ్చింది 9.20. అంటే ఆపకపోవడమే నయమైంది. 42 వేలు మిగిలాయి. చేరమన్న మాట తప్పు, ఆపకన్న మాట ఒప్పు. ఇన్నేళ్ళూ రెంటికీ కలిపి ఒకే కోపం మోశాను.

ఇంకో లెక్క కూడా ఉంది. 1994లో ఆయన సర్దిన 6 వేలకి 8 శాతం చొప్పున ముప్పయ్యేళ్ళకి చక్రవడ్డీ కడితే 60 వేలవుతుంది. ఆ బాకీకి ఎవరూ నోటీసు పంపలేదు.

చిన్నవాళ్ళకి చెప్పేదొక్కటే. పెద్దవాళ్ళ కాళ్ళకి దండం పెట్టండి, ఆ చేత్తోనే కాయితం తీసుకుని ఏడాదికి ఎంత శాతమో రాయించుకోండి. ఆ ఒక్క ప్రశ్నకి చెడిపోయే చుట్టరికమైతే ఎలాగూ ఎక్కువకాలం నిలవదు.

పాయసం తిన్నాక మామయ్యకి ఫోన్ చేశాను. ఎనభై దాటాయి, వినికిడి తగ్గింది. "పడ్డాయిట్రా? తొమ్మిది పైమాటే అన్నానా లేదా?" అన్నాడు, గర్వంగా.

"అన్నావు మామయ్యా. ఏడాదికి ఎంత శాతం పడిందంటావు?" అని గట్టిగా అడిగాను, ఇరవయ్యేళ్ళ తర్వాత.

కాసేపు ఏమీ వినబడలేదు. "ఆ లెక్క మాకెవరూ చెప్పలేదురా. నావీ మూడున్నాయి అందులో," అన్నాడు.