సురంగల్ దారిలో బుల్లి హీరో!

వెండితెర మీద హీరో సైకిలెక్కితే ముందు కడ్డీ మీద హీరోయిన్, నేపథ్యంలో ఓ డ్యూయెట్! మరి కొత్తగా నాన్నయినవాడు ఎక్కితే? వెనక సీట్లో పదిహేను నెలల మా బుజ్జిగాడు, నేపథ్యంలో వాడి కేరింతలు!

మొయినాబాద్ నుంచి సురంగల్‌కి మా షికారు. చేవెళ్ల రోడ్డంటే మర్రిచెట్లకి పేరు. కానీ ఆ నీడలోనే లారీలూ, బస్సులూ హోరెత్తిస్తూ దూసుకుపోతాయి. అది వదిలి ఊరిదారి పట్టాకే నా గుండె కుదుటపడింది. ఇక్కడ షూటింగులోలా రెండో టేక్ ఉండదు కదండీ!

ఏడాది నిండని పాపాయిని సైకిలెక్కించవద్దంటారు పిల్లల డాక్టర్లు. హెల్మెట్ బరువునీ, గతుకుల కుదుపునీ ఆ లేత మెడ ఓర్చలేదు. ఏడాది దాటినా బెల్టున్న సీటు, పాదాలు చువ్వల్లో పడకుండా అడ్డు, తలకి సరిపోయే హెల్మెట్ ఉండాల్సిందే. స్టాండు వేశాం కదా అని బిడ్డని సీట్లో వదిలి పక్కకెళ్లారో, సైకిల్ ఒరిగిందే అనుకోండి!

సురంగల్ చేరేసరికి మావాడి తల నిద్రతో వాలిపోతోంది. సైకిల్ చెట్టుకానించి, వాణ్ణి భుజాన వేసుకున్నాను. లేచేదాకా ఇంటర్వెల్!