మదర్‌బోర్డు పోలేదు సార్

"సీడీ వేస్తే విండోస్ ఎక్కట్లేదు, మదర్‌బోర్డు పోయిందట" అంటూ సిస్టమ్ మోసుకొచ్చేవాళ్లకు ముందు తెర చూపిస్తాను. అక్షరాలు పడుతున్నాయంటే ప్రాసెసరు, ర్యామ్, బోర్డు ఆ మాత్రం పనిచేస్తున్నట్టే. వేలల్లో ఖర్చు చెప్పేముందు, ఆ యంత్రం సీడీని అసలు వెతుకుతోందో లేదో చూడాలి.

ఆన్ చేయగానే మొదట నడిచేది బయాస్. ఏ డ్రైవులో ముందు చూడాలో దానికో వరస ఉంటుంది. హార్డ్ డిస్క్ ముందుంటే, అందులోని విండోస్ సగం చెడి ఉన్నా దాన్నే పట్టుకుంటుంది, సీడీ జోలికి రాదు. వరస సరిచేసి పంపిన పాత సిస్టమ్ మళ్లీ అదే జబ్బుతో వస్తే గడియారం చూస్తాను. తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటే బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టే. సీఆర్2032 అని 3 వోల్టులది. అది మార్చకుండా వరస ఎన్నిసార్లు మార్చినా నిలవదు.

ఒక డీటీపీ సెంటర్ ఆయన పెళ్లిళ్ల సీజన్‌లో వచ్చాడు. "అన్నా, కార్డుల పని మొత్తం ఆగిపోయింది" అన్నాడు. కొత్త బోర్డు కోసం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు బయల్దేరబోతున్నాడు. చూస్తే బయాస్‌లో సీడీ డ్రైవు పేరే లేదు. మూత విప్పాను. హార్డ్ డిస్కూ సీడీ డ్రైవూ ఒకే రిబ్బన్ కేబుల్ మీద ఉన్నాయి, రెండింటి జంపర్లూ మాస్టర్‌లోనే! సీడీ డ్రైవు మార్చినవాళ్లు జంపర్ సంగతి వదిలేశారు. దాన్ని స్లేవ్‌కు జరపగానే పేరు కనిపించింది.

అయినా బూట్ కాలేదు. ఆయన తెచ్చిన సీడీని నా సిస్టమ్‌లో తెరిస్తే లోపల ఒకే ఒక్క ఐఎస్ఓ ఫైలు. ఇమేజ్‌గా రైట్ చేయకుండా ఫైలును మామూలుగా కాపీ చేశారు. సీడీ నుంచి నేరుగా బూట్ కావడానికి ఫీనిక్స్, ఐబీఎం కంపెనీలు కలిసి 1995లో ఎల్ టొరిటో పద్ధతిని తెచ్చాయి. దాని ప్రకారం బూట్ సమాచారం ఎక్కడుందో చెప్పే గుర్తు సీడీలో ఉండాలి. ఉత్త కాపీలో అది ఉండదు. సరైన డిస్క్ వేస్తే "ఏదైనా కీ నొక్కండి" అన్న ఇంగ్లిష్ వాక్యం వచ్చింది. అది కొన్ని సెకన్లే ఉంటుంది. నొక్కకపోతే మళ్లీ హార్డ్ డిస్క్‌కే పోతుంది. ఈ ఒక్కటి తెలియక సీడీ చెడిపోయిందనుకునేవాళ్లు ఎందరో!

మొదలయ్యాక ఆగేవీ ఉన్నాయి. సాటా హార్డ్ డిస్క్ ఉన్న లాప్‌టాప్‌లో విండోస్ ఎక్స్‌పీ వేస్తే ఫైళ్లు లోడై, 7బీ అంకెతో నీలం తెర పడేది. హార్డ్ డిస్క్ బాగానే ఉండేది, దాన్ని గుర్తించే ఏహెచ్‌సీఐ డ్రైవరే ఆ సీడీలో లేదు. బయాస్‌లో ఐడీఈ మోడ్ పెడితే దారి దొరికేది. ఇప్పుడు సీడీల బదులు పెన్‌డ్రైవులు. బయాస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్‌ఐ సాధారణంగా ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌నే చదువుతుంది, అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు.

ఏ డిస్క్ అయినా, పార్టిషన్ల తెర రాగానే నా చెయ్యి ఆగుతుంది. ఎక్స్‌పీలో అక్కడ డి, ఆ తర్వాత ఎల్ నొక్కితే పార్టిషన్ పోయినట్టే. ఆ డీటీపీ ఆయన పేజ్‌మేకర్ ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీదే, అంటే సీ డ్రైవులోనే ఉన్నాయి. హార్డ్ డిస్క్ విప్పి నా సిస్టమ్‌కు తగిలించి కాపీ చేశాను. ఆయన్నే పక్కన కూర్చోబెట్టి ఫైళ్లు తెరిపించాను. అన్నీ ఉన్నాయని ఆయన చెప్పాకే డి నొక్కాను.